దీవిలో కనిపించిన బల్లి కొత్త జాతేనా? తేల్చేదెలా, పేరు పెట్టేదెలా?

మీ ప్రశ్న ఇదీ. ఒక ఉష్ణమండల దీవికి వెళ్లినప్పుడు రాత్రి పూట సున్నపురాయి గుహ మొదట్లో వేలెడంత బల్లి కనిపించింది. తోక మీద నలుపు తెలుపు పట్టీలున్నాయి. నాలుగు ఫొటోలు తీసుకున్నారు. ఆ ప్రాంతపు ఫీల్డ్ గైడ్ మొత్తం తిరగేసినా దేనితోనూ సరిపోలలేదు. ఇది కొత్త జాతి అయ్యుంటుందా, అయితే దాన్ని ఎలా ప్రకటించాలి, పేరు మీరే పెట్టొచ్చా అని అడిగారు.

కొత్తదయ్యే అవకాశం నిజంగానే ఉంది. కాకపోతే ఆ నాలుగు ఫొటోలతో తేలే సంగతి కాదు. నేను దీవుల మీది బల్లులతో 20 ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. కొన్ని కొత్త జాతుల వర్ణనల్లో, అంటే లక్షణాలు రాసి పేరు పెట్టి ప్రకటించే పేపర్లలో, నా చెయ్యి ఉంది, ఒకసారి బోర్లా పడ్డాను కూడా. ఆ సంగతి కింద చెప్తాను. బయటివాళ్లకు తెలియనిది ఏమిటంటే, ఈ పనిలో బల్లి కంటపడటం అన్నిటికంటే చిన్న భాగం. మిగతాదంతా అది ఇప్పటికే పేరున్న ఏ బల్లీ కాదని చూపించడమే. అడవిలో గడిపేది రెండు వారాలైతే మ్యూజియం అరల ముందు, పాత పుస్తకాల ముందు గడిపేది రెండేళ్లు.

ముందు మీ బల్లినే అనుమానించండి. దీవి మీద కనిపించింది కాబట్టి దీవిదే అనుకోవడం అందరం చేసే మొదటి తప్పు. టికెట్ లేకుండా ఓడలెక్కడంలో బల్లుల్ని మించినవి సరీసృపాల్లో అరుదు. కలప దుంగల్లో, మొక్కల కుండీల్లో, సరుకు పెట్టెల సందుల్లో దాక్కుని వెళ్లిపోతాయి. చాలా బల్లుల గుడ్లకు గట్టి సున్నపు పెంకు ఉంటుంది. అది ఎండను, కొంతవరకు ఉప్పునీటిని కూడా తట్టుకుంటుంది. బెరడు కింద అంటించిన గుడ్లు దుంగతో పాటే సముద్రం దాటగలవు. ఆసియా ఇంటిబల్లి హెమిడాక్టిలస్ ఫ్రెనాటస్ ఇలాగే మనుషుల వెంట పడి ఉష్ణమండలమంతా పాకింది.

ఇంకో చిన్న బల్లి ఉంది, లెపిడోడాక్టిలస్ లుగుబ్రిస్. దాదాపు అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి, పిల్లలు తల్లికి నకళ్లుగా పుడతాయి. ఒక్కటి ఒడ్డుకు చేరితే చాలు, అక్కడ సంతతి మొదలైనట్టే. పైగా ఈ నకళ్లలో రకరకాల వంశాలున్నాయి. ఒక్కో వంశానికి వీపు మీద మచ్చల తీరు వేరుగా ఉంటుంది. పక్కపక్కన రెండు వంశాలు కనిపిస్తే రెండు జాతులని పందెం కాసేస్తాం. పసిఫిక్ దీవుల్లో పని మొదలుపెట్టిన ప్రతివాడికీ ఈ బల్లి ఒకసారైనా టెన్షన్ పెట్టే ఉంటుంది.

అందుకే మీరు చెప్పిన వివరాల్లో నాకు నచ్చింది తోక పట్టీలు కాదు, గుహ. ట్యూబ్‌లైట్ చుట్టూ తిరిగే బల్లి అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. తోక పట్టీల మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. చాలా జాతుల్లో పిల్లలకు పట్టీల తోక కొట్టొచ్చినట్టు ఉంటుంది, పెద్దయ్యేసరికి మసకబారిపోతుంది. మీరు చూసింది బాగా తెలిసిన జాతి పిల్ల కావచ్చు. తోక తెగి మళ్లీ మొలిచి ఉంటే రంగూ పొలుసుల అమరికా రెండూ మారిపోతాయి. అలా మొలిచిన తోకలో వెన్నుపూసలు కూడా ఉండవు, మృదులాస్థి కడ్డీ ఒక్కటే ఉంటుంది. రంగైతే మరీ నమ్మకూడదు. అదే బల్లి పగలు ఒకలా, రాత్రి ఒకలా, చేతిలో పట్టుకున్న రెండు నిమిషాలకు ఇంకోలా కనిపిస్తుంది.

ఇక ఆశ ఎందుకు పెట్టుకోవచ్చో చెప్తాను. సున్నపురాయి కొండలు దీవిలో దీవి లాంటివి. చుట్టూ మట్టి నేల, మధ్యలో పగుళ్లూ గుహలూ ఉన్న రాతి గుట్ట. అక్కడ బతకడం నేర్చిన బల్లి పక్క గుట్టకు వెళ్లడమే కష్టం. ఫిలిప్పీన్స్‌లో గిగాంటె అనే చిన్న దీవుల గుహల్లో ఉండే గెకో గిగాంటెను 1978లో వర్ణించారు, ఆ బల్లికి ఆ దీవుల పేరే పెట్టారు. వంపు వేళ్ల బల్లులనే సిర్టోడాక్టిలస్ ప్రజాతిలో జాతుల సంఖ్య ఇప్పటికే 300 దాటింది. వాటిలో చాలా భాగం గత రెండు మూడు దశాబ్దాల్లో బయటపడ్డవే. అందులోనూ సున్నపురాయి గుట్టల వాటా పెద్దది.

మరుగుజ్జు బల్లుల సంగతి మరీను. డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన బేటా దీవి నుంచి బ్లెయిర్ హెడ్జెస్, రిచర్డ్ థామస్ 2001లో వర్ణించిన స్ఫేరోడాక్టిలస్ అరియాసే మూతి నుంచి తోక మొదలు దాకా 16 మిల్లీమీటర్లే. చిన్న నాణెం మీద చుట్ట చుట్టుకుని పడుకోగలదు. ఎండుటాకుల పొరలో తిరిగే అంత చిన్న ప్రాణి అన్నాళ్లు ఎవరి కంటా పడలేదంటే ఆశ్చర్యం లేదు. కానీ వియత్నాం దక్షిణాన హోన్ ఖోయాయ్ దీవిలో దొరికిన నెమాస్పిస్ సైకెడెలికాను చూడండి. నారింజ రంగు కాళ్లు, నారింజ తోక, బూడిద నీలం వీపు, మెడ మీద పసుపు. పండగ బట్టలు వేసుకున్నట్టుండే ఆ బల్లికి పేరు వచ్చింది 2010లో! కొట్టొచ్చినట్టు కనిపించేవన్నీ ఎప్పుడో దొరికేసి ఉంటాయనుకోవడానికి లేదు.

మీరు ఇంట్లో కూర్చునే చేయగల పని ఒకటుంది, సముద్రపు లోతు చూడటం. చివరి మంచుయుగం ముదిరిన కాలంలో, సుమారు 20,000 ఏళ్ల కిందట, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. మీ దీవికీ పక్క దీవికీ మధ్య నీటి లోతు 40, 50 మీటర్లే అయితే అప్పట్లో ఆ రెండూ ఒకే నేల. బల్లులు నడిచే వెళ్లి ఉంటాయి, కాబట్టి పక్క దీవి జాబితాలోని ప్రతి బల్లినీ మీ బల్లితో పోల్చక తప్పదు. మధ్యలో వందల మీటర్ల లోతు ఉంటే మంచుయుగంలో కూడా ఆ దీవి కలవలేదన్నమాట, వేరుపడి మారిపోయే అవకాశం ఎక్కువ. సముద్రపు లోతుల మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. నేను ఏ దీవికి వెళ్లేముందైనా జంతువుల జాబితా కంటే ముందు ఈ మ్యాపే తెరుస్తాను.

ఫొటోల విషయానికొస్తే, అందరూ తీసేది వీపు ఫొటో. మాకు కావలసింది మిగతావన్నీ. తల పైభాగం, గడ్డం కింద పొలుసులు, పక్క నుంచి పెదవులు, కాలి వేళ్ల అడుగుభాగం, మగదైతే వెనక కాళ్ల మధ్య అవస్కర ద్వారానికి (మలమూత్రాలు బయటికొచ్చే చోటుకు) ముందున్న చిన్న రంధ్రాల వరస. వేళ్ల అడుగు కోసం బల్లిని తిప్పి పట్టుకుని హింసించనక్కర్లేదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పెడితే గోడ మీదికి అదే ఎక్కుతుంది. అవతలి నుంచి తీసుకోండి. పక్కన మిల్లీమీటర్ల స్కేలు ఉండాలి. అయితే రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా డబ్బాలో పెట్టడం కూడా నేరమే కావచ్చు, అది ముందే కనుక్కోండి.

ఫొటోలతోనే కొత్త జాతిని ప్రకటించొచ్చా అని చాలామంది అడుగుతారు. జంతువుల పేర్లకు ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది, మేం కోడ్ అంటాం. దాని ప్రకారం అసాధ్యం కాదు. 2015లో దక్షిణాఫ్రికా ఈగ ఒకదాన్ని, మార్లేయిమియా జైలోకోపే, నమూనా లేకుండా ఫొటోల ఆధారంగానే వర్ణించారు. దాని మీద పెద్ద రగడ జరిగింది. బల్లుల్లో మాత్రం ఆ దారి పట్టొద్దనే చెప్తాను. రేపు ఎవరికైనా అనుమానం వస్తే మళ్లీ లెక్కపెట్టడానికి పొలుసులుండాలి, ఫొటోలో కనపడని పొలుసును ఎవరు లెక్కపెడతారు?

ఇప్పుడు అసలు చాకిరీ. ఆ ప్రజాతిలో, ఆ ప్రాంతంలో, 1758 నుంచి నిన్నటి దాకా పెట్టిన ప్రతి పేరునూ పట్టుకోవాలి. జంతువుల పేర్ల లెక్క లిన్నేయస్ పుస్తకం 10వ ముద్రణతో, అంటే 1758తో మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో రెప్టైల్ డేటాబేస్ ఉంది, అక్కడ మొదలుపెట్టండి, అక్కడే ఆగకండి. ఇప్పుడు వాడుకలో ఉన్న పేర్లు చూస్తే సరిపోదు. ఎవరో 150 ఏళ్ల కిందట పెట్టి, తర్వాత ఇంకొకరు ఇది ఫలానా జాతే అని కలిపేసి మూలన పడేసిన పేర్లుంటాయి. మీ బల్లి ఆ మూలన పడ్డ పేరుదే అయితే, పాత పేరు లేచి కూర్చుంటుంది. ముందు పెట్టిన పేరుకే హక్కు. లండన్ మ్యూజియంలోని బల్లులన్నిటికీ బౌలంజే రాసిన క్యాటలాగు మొదటి సంపుటం 1885లో వచ్చింది. అందులో మా బల్లులున్నాయి కాబట్టి ఇప్పటికీ అది చేతిలో లేకుండా మాకు రోజు గడవదు.

నేను బోర్లా పడింది ఇక్కడే. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న దీవిలో రాతి సందుల్లో బతికే బల్లిని పట్టాం. చుట్టుపక్కల దీవుల్లో ఎక్కడా అలాంటిది లేదు. 14 నెలలు కూర్చుని కొలిచాం, రాశాం, పేరు కూడా అనుకున్నాం. పేపర్ పంపాక రివ్యూ చేసినాయన రెండే వాక్యాలు రాశారు: ఫలానా మ్యూజియంలో ఫలానా నంబరు సీసా చూశారా, ఆ నమూనా వచ్చింది రేవు పట్నం నుంచి కాదనుకుంటాను అని. వెళ్లి చూశాం. 19వ శతాబ్దంలో ఓడ మీద తిరిగిన వైద్యుడెవరో సేకరించిన బల్లి అది. చీటీ మీద రాసింది అది దొరికిన దీవి కాదు, ఓడ చివరకు సరుకు దించిన రేవు పేరు. పైగా పూర్తిగా వేరే ప్రజాతి పేరుతో వర్ణించారు, అందుకే మా జాబితాలోకే రాలేదు. సీసాలోంచి తీసి వేళ్లు చూడగానే అర్థమైపోయింది, అది మా బల్లే. కొత్త జాతి పేపర్ కాస్తా పాత జాతి పునర్వర్ణన అయ్యింది. దాన్ని తిరగరాసేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అప్పటి నుంచి చీటీ మీద ఊరి పేరు కనిపిస్తే ఆ ఓడ ఎక్కడెక్కడ ఆగిందో కూడా వెతుకుతున్నాను.

మ్యూజియంలో దొరికే ఆశ్చర్యాలు రెండు వైపులా ఉంటాయి లెండి. ప్రపంచంలోకెల్లా పెద్ద బల్లి అడవిలో దొరకలేదు, ఫ్రాన్స్‌లోని మార్సే మ్యూజియంలో దొరికింది. చీటీ లేని పాత నమూనా, ఒకే ఒక్కటి, మూతి నుంచి తోక మొదలు దాకానే 370 మిల్లీమీటర్లు. 1986లో ఆరన్ బాయర్, ఆంథనీ రసెల్ దాన్ని కొత్త జాతిగా వర్ణించి, న్యూజిలాండ్‌ది కావచ్చన్నారు. 2023లో ఆ ఎముక నుంచి డీఎన్‌ఏ తీసి చూస్తే దాని చుట్టాలు న్యూ కాలెడోనియా దీవుల్లో తేలారు. ప్రజాతే మారిపోయి ఇప్పుడది గిగార్కానమ్ డెల్కోర్టి. ప్రాణంతో ఎవరూ చూడలేదు. ఇందుకు ఎదురు కథ కూడా ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఎడ్వర్డ్ టేలర్ వర్ణించిన ఎన్నో సరీసృపాల మూల నమూనాలు మనీలాలో ఉండేవి, రెండో ప్రపంచ యుద్ధంలో కాలి బూడిదయ్యాయి. మీ బల్లిని పోల్చాల్సింది అలాంటి జాతితో అయితే, అది మొదట దొరికిన చోటికే వెళ్లి తాజాగా వెతకాలి. వేరే దారి లేదు.

అనుమతుల సంగతి చెప్పకుండా వదిలేస్తే మీకు అన్యాయం చేసినట్టే. సేకరణకు ఒక అనుమతి, దేశం బయటికి పంపడానికి ఇంకొకటి, డీఎన్‌ఏ పనికి మరొకటి కావాల్సి రావొచ్చు. జన్యు వనరుల మీద ఆ దేశానికి హక్కుందని చెప్పే నగోయా ఒప్పందం 2014 నుంచి అమల్లో ఉంది. జేబులో వేసుకొచ్చిన బల్లిని మంచి జర్నల్ ఏదీ తాకదు, మంచి మ్యూజియం ఏదీ తీసుకోదు. ఆ దేశపు పరిశోధకుల్ని మొదటి రోజే కలుపుకోండి. ఇది మర్యాద కోసం చెప్తున్న మాట కాదు. మీకు కొత్తగా కనిపిస్తున్న బల్లి వాళ్ల ఫ్రీజర్‌లో ఆరేళ్లుగా ఉండి ఉండొచ్చు.

అనుమతి వచ్చి మళ్లీ వెళ్లారనుకుందాం. బల్లిని చంపాలా అన్న ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు, నేనూ ఆగాను. ఇప్పటికీ ఆ పని నాకు ఇష్టం ఉండదు. కానీ పేరును మోసేది హోలోటైప్ అనే ఒక్క నమూనా. వందేళ్ల తర్వాత కూడా ఈ పేరు ఏ జంతువుదని ఎవరైనా అడిగితే చూపించాల్సింది దాన్నే. తోడుగా పారాటైపులనే మరికొన్ని ఉంటే తేడాల పరిధి తెలుస్తుంది. ఆడ, మగ, పెద్దవి కలిపి పది లోపు చాలు. గుట్ట మొత్తం మీద ఐదారే కనిపిస్తే ఒక్కదానితో సరిపెట్టుకోవాలి, కోడ్‌కు ఒక్కటైనా చాలు. హోలోటైప్‌గా మగదాన్ని ఎంచుకుంటే ఆ రంధ్రాల వరస కూడా దొరుకుతుంది.

నొప్పి తెలియకుండా మత్తుమందుతో ప్రాణం పోయాక, వరస తప్పకూడని పని ఒకటుంది. ముందు కాలేయం ముక్క తీసి 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి. ఆ తర్వాతే శరీరాన్ని ఫార్మలిన్‌తో గట్టిపరచి, ఆపైన 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. ఫార్మలిన్ ముందు పడిందా, డీఎన్‌ఏ చెడిపోతుంది. వేళ్లు విప్పి, నిటారుగా పరిచి గట్టిపరచాలి. ముడుచుకుపోయిన వేళ్లతో గట్టిపడ్డ బల్లిని తర్వాత కొలవడమంటే నరకమే. రంగులు కొన్నాళ్లకు ఆల్కహాల్‌లో వెలిసిపోతాయి కాబట్టి ఫొటోలు, రంగుల నోట్సు ప్రాణంతో ఉన్నప్పుడే పూర్తి చేయాలి. చీటీ మీద చెరిగిపోని పెన్సిల్‌తోనో, ఆల్కహాల్‌కు కరగని సిరాతోనో రాయండి. ఈ మాట నవ్వులాటగా అనిపిస్తుంది, చీటీలు మాసిపోయిన సీసాలు చూసినవాళ్లకు నవ్వు రాదు.

మడగాస్కర్, కొమొరో దీవుల్లో గెకోలెపిస్ అనే బల్లులున్నాయి. పట్టుకోబోతే పొలుసుల చొక్కా విప్పి చేతిలో పెట్టి పారిపోతాయి. పొలుసులు పోయిన బల్లిని పొలుసులతో గుర్తుపట్టడం ఎలా? దూదితో పట్టుకునేవాళ్లు కూడా ఉండేవారట. 2017లో గెకోలెపిస్ మెగాలెపిస్‌ను వర్ణించినవాళ్లు సీటీ స్కాన్ తీసి పుర్రెలో తేడాలు కూడా చూపించారు. మీ బల్లి అంత పెంకిది కాకూడదని కోరుకోండి.

తర్వాత కొలతలు. మూతి చివర నుంచి అవస్కరం దాకా పొడవు, తల పొడవు వెడల్పు, కంటి వ్యాసం, ముంజేయి, పిక్క, అన్నీ కాలిపర్స్‌తో 0.1 మిల్లీమీటరు దాకా. మైక్రోస్కోప్ కింద పై పెదవి పొలుసులు, కింది పెదవి పొలుసులు, వీపు మీది బొడిపెల వరసలు, పొట్ట మీద అడ్డంగా ఎన్ని పొలుసులు, నాలుగో కాలివేలి కింద ఎన్ని పటలికలు, అంటే అడ్డంగా ఉండే వెడల్పాటి పొలుసులు. ఇవన్నీ ఒక్కరే కొలవాలి, ఎప్పుడూ ఒకే పక్క కొలవాలి. నేనూ మా సహచరుడూ చెరి సగం కొలిచిన ఏడాది, రెండు దీవుల బల్లులకు పటలికల్లో చక్కటి తేడా వచ్చింది. సంబరపడ్డాం. తీరా చూస్తే ఆయన వేలి మొదట్లో ఉండే విరిగిన పటలికల్ని కూడా లెక్కేస్తున్నాడు, నేను వదిలేస్తున్నాను. తేడా బల్లుల్లో లేదు, మాలోనే ఉంది.

డీఎన్‌ఏ వచ్చాక ఈ కష్టమంతా ఎందుకని కుర్రాళ్లు అడుగుతారు. మా బల్లుల్లో సాధారణంగా మైటోకాండ్రియాలోని ఎన్‌డీ2 అనే జన్యువును, కొందరు 16ఎస్‌ను చదువుతారు. ఇంత శాతం తేడా ఉంటే కొత్త జాతి అనే గీత ఎక్కడా లేదు. దీవి మీద వేరుపడ్డ ఏ గుంపులోనైనా కొంత తేడా వచ్చే తీరుతుంది. పైగా మైటోకాండ్రియా తల్లి వైపు కథ మాత్రమే చెప్తుంది, కాబట్టి కేంద్రకంలోని జన్యువులు కూడా చూడాలి. అన్నిటికంటే పెద్ద గొయ్యి ఇంకోటి ఉంది. పక్క దీవి జాతి డీఎన్‌ఏ ఎవరూ ఇంతవరకు తీయకపోతే మీ వంశవృక్షంలో ఆ కొమ్మే ఉండదు, మీ బల్లి ఒంటరిగా, కొత్తగా మెరిసిపోతుంది. శరీరం, జన్యువులు, బతికే తీరు, ఈ మూడూ ఒకే మాట చెప్తే ధైర్యంగా రాయండి. జన్యువు ఒక్కటే అరుస్తూ ఉంటే నేనైతే ఇంకో సీజన్ ఆగుతాను.

రాయడం మొదలుపెట్టాక ప్రాణమంతా డయాగ్నోసిస్ అనే పేరాలో ఉంటుంది. ఈ బల్లి దాని చుట్టాలన్నిటి నుంచి ఏ లక్షణాలతో వేరుపడుతుందో అక్కడ మాటల్లో, ఒక్కో జాతి పేరుతో చెప్పాలి. కోడ్ కోరేవి నిజానికి తక్కువే. ఇది కొత్త జాతి అని స్పష్టంగా అనాలి, తేడాలు చెప్పాలి, హోలోటైప్ ఏదో, ఏ సంస్థ భద్రపరుస్తుందో రాయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే జర్నల్ అయితే పేపర్ జూబ్యాంక్ అనే జంతువుల పేర్ల అధికారిక రిజిస్టర్‌లో ముందే నమోదై ఉండాలి, 2012 నుంచి ఈ పద్ధతి. వర్ణన ఏ భాషలో ఉండాలన్న షరతు లేదు. తెలుగులో రాసినా కోడ్ అడ్డు చెప్పదు, చదివేవాళ్లు ప్రపంచమంతా ఉండాలి కాబట్టి ఎవరూ అలా చేయరు అంతే. పేరు మాత్రం లాటిన్ అక్షరాల్లోనే ఉండాలి.

పేరు మీరు పెట్టొచ్చా? పేపర్ రచయితల్లో ఒకరైతే పెట్టొచ్చు. మీ పేరే పెట్టుకోకూడదన్న నిబంధన లేదు, కానీ అలా చేస్తే జీవితాంతం ఆటపట్టిస్తారు. వేరే మనిషి పేరు పెడితే మగవారికి చివర ఇ, ఆడవారికి ఏ చేరుతుంది. నాణెం మీద పట్టే ఆ బల్లికి ఇవోన్ అరియాస్ అనే పర్యావరణ కార్యకర్త పేరు పెట్టారు, అందుకే అరియాసే. విశేషణం అయితే ప్రజాతి పేరు లింగానికి తగ్గట్టు మారాలి. నెమాస్పిస్ స్త్రీలింగం కాబట్టి సైకెడెలికా అయ్యింది. నాకైతే దీవి పేరో, బల్లి లక్షణమో, అక్కడివాళ్లు దాన్ని పిలిచే మాటో పెట్టడం ఇష్టం. ఒక జాగ్రత్త. పేపర్ రాకముందే పేరును సోషల్ మీడియాలో పెట్టకండి. వర్ణన లేని పేరుకు కోడ్ దృష్టిలో విలువ లేదు, గందరగోళం మాత్రం మిగులుతుంది.

దీనికంటే ముఖ్యమైన జాగ్రత్త చోటు గురించి. 1999లో గోనియురోసారస్ లుయి అనే గుహల బల్లిని వర్ణించారు. పేపర్ చదివిన పెంపుడు జంతువుల వ్యాపారులు సరాసరి అక్కడికే వెళ్లి, వర్ణనలో చెప్పిన చోట అది కనపడకుండా చేశారు. 2015లో అదే ప్రజాతిలో రెండు కొత్త జాతుల్ని వర్ణించినవాళ్లు కచ్చితమైన చోటు పేపర్‌లో రాయలేదు, సంబంధిత అధికారులకు మాత్రమే ఇస్తామన్నారు. మీ బల్లికి పట్టీల తోక ఉంది, గుహ దగ్గర ఉంది, ఒకే దీవిలో ఉంది. వ్యాపారులు వెతికేది సరిగ్గా ఇలాంటి వాటినే. మీరు ఇక్కడ దీవి పేరు రాయకపోవడం మంచిదైంది. ఫొటోల్లో జీపీఎస్ సమాచారం దాగి ఉంటుంది, ఎక్కడైనా పెట్టేముందు అది తీసేయండి. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ సైటులో పెడితే చోటును దాచే వీలుంది, వాడుకోండి.

దీవి బల్లులకు మనిషి ఒక్కడే గండం కాదు. క్రిస్మస్ ఐలాండ్‌లో లెపిడోడాక్టిలస్ లిస్టెరి అనే బల్లి ఉండేది. బయటి నుంచి వచ్చిపడ్డ పాము లాంటి శత్రువుల వల్ల అడవిలో పూర్తిగా పోయింది, ఇప్పుడు పెంపకంలో మాత్రమే మిగిలింది. అందుకే వర్ణనలో ఆ దీవిలో పిల్లులు, ఎలుకలు, బయటి పాములు ఉన్నాయా, సున్నపురాయి తవ్వకం జరుగుతోందా అన్నది కూడా నాలుగు వాక్యాలు రాయాలి. తర్వాత రక్షణ గురించి ఆలోచించేవాళ్లకు ఆ నాలుగు వాక్యాలే మొదటి ఆధారం అవుతాయి.

ఎంతకాలం పడుతుందంటారా? అన్ని రకాల జీవులూ కలిపి చూస్తే, నమూనా సేకరించాక కొత్త జాతిగా వర్ణించడానికి సగటున 21 ఏళ్లు పట్టిందని 2012లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. భయపడకండి, ఎవరూ పట్టించుకోక సీసాల్లో పడి ఉన్న కాలమే అందులో ఎక్కువ. జట్టు కుదిరి, అనుమతులు చేతికొస్తే మీకు రెండు మూడేళ్లు.

ప్రస్తుతానికి చేయాల్సింది చిన్న పనే. మీరు తీసిన నాలుగింటిలో వేళ్లు స్పష్టంగా కనిపించే ఫొటో ఏదైనా ఉంటే, చోటు వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి. వేళ్లు సన్నగా, మధ్యలో వంగి గోళ్లతో ముగుస్తున్నాయా, లేక చివర వెడల్పాటి మెత్తలున్నాయా చూడాలి. కంటికి రెప్పలున్నాయా అన్నది కూడా చెప్పండి. మామూలు బల్లులకు కదిలే రెప్పలుండవు, గోనియురోసారస్ చుట్టాలకు ఉంటాయి. ఈ రెండూ తెలిస్తే ఏ మ్యూజియం అర ముందు వెతకడం మొదలుపెట్టాలో చెప్పగలను.